పన్నెండేళ్లుగా నా బల్ల మీదున్న దొరే బొమ్మలు

ఫ్రెంచ్ రచయిత షార్ల్ పెరో రాసిన పిల్లల కథలు 1697 నాటివి. వాటికి ఫ్రెంచ్ చిత్రకారుడు గుస్తావ్ దొరే వేసిన బొమ్మలు, చెక్క దిమ్మల మీద చెక్కి అచ్చు వేసినవి, 1862లో పారిస్‌లో పుస్తకంగా వచ్చాయి. దాని రీప్రింటు ఒకటి మా పాపకి కథలు చెప్పడానికని కొన్నాను. లినోకట్ (లినోలియం పలక మీద బొమ్మ చెక్కి అచ్చు వేసే పని) నేర్చుకోవడం మొదలుపెట్టాక అది నా బల్ల మీదకి చేరింది, మళ్లీ అలమర ఎక్కలేదు.

నన్ను పట్టేసింది ఇందులోని చీకటి. బొటనవేలంత పిల్లాడు అడవిదారిలో గులకరాళ్లు జారవిడుస్తూ నడిచే బొమ్మ చూడండి. ఆ నలుపు ఎవరూ గీసింది కాదు. దిమ్మ మీద ఉలి తగలని చోటు సిరా పట్టుకుని నల్లగా పడుతుంది, మన పెడన కలంకారీ అచ్చులో ఎత్తుగా ఉన్న చోటే రంగు అంటుకున్నట్టు. ఉలి గీరిన చోటు తెల్లగా మిగులుతుంది. అంటే అక్కడ చెక్కింది వెలుతురుని! ఇది అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది. అంతకుముందు గీతల చుట్టూ తవ్వేదాన్ని. ఇప్పుడు వెలుగు ఎటునుంచి పడుతోందో చూసుకున్నాకే ఉలి పెడుతున్నాను.

చెక్కింది దొరే కాదు. బాక్స్‌వుడ్ మొద్దుని అడ్డంగా కోసి, నున్నగా చేసిన దిమ్మ మీద ఆయన బ్రష్‌తో బొమ్మ వేసి ఇచ్చేవాడు. అడ్డుకోత కాబట్టి చెక్క నార అడ్డుపడదు, ఉలి ఎటైనా తిరుగుతుంది. ఆ పలచటి రంగు పూతల్ని సన్నటి గీతలుగా మార్చింది పన్నెమాకేర్, పిజాన్ లాంటి పనివాళ్లు. వాళ్లు చెక్కేకొద్దీ దొరే చేతి పని పొట్టుగా రాలిపోయేది. అమ్మమ్మ వేషంలో ఉన్న తోడేలు పక్కన ఎర్ర టోపీ పిల్ల పడుకున్న బొమ్మ తీయండి. బొచ్చుకి ఒక రకం గీత, దుప్పటి ముడతలకి ఇంకో రకం గీత. భూతద్దం పెడితే చాలా బొమ్మల అడుగున దొరే పేరుతో పాటు చెక్కినవాళ్ల పేరూ కనిపిస్తుంది. నేను ముందు ఆ రెండో పేరే వెతుకుతాను.

లోపాలున్నాయి. నా ప్రతిలో అడవి బొమ్మల సన్నగీతలు కొన్నిచోట్ల కలిసిపోయి ముద్దలా పడ్డాయి. ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వాళ్ల గాలికా సైట్‌లో పాత ప్రతి చూశాక ఎంత పోయిందో తెలిసి బాధేసింది. జిగురు బైండింగ్ నాలుగో ఏడే ఊడింది. కొనేముందు ఒక చీకటి బొమ్మ తెరిచి, నలుపులో గీతలు విడిగా కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి.

ఇంకొకటి. నిద్రపోతున్న సొంత కూతుళ్ల మీదకి రాక్షసుడు కత్తితో వంగే బొమ్మ చూసి మా పాప అయిదేళ్లప్పుడు రెండు రాత్రులు నిద్రపోలేదు. చిన్నపిల్లల కోసం కొనేవాళ్లు ముందు ఆ పేజీ చూడండి.