నైట్రస్ కిట్: వెట్ పద్ధతా, డ్రై పద్ధతా?

కారు ఇంజిన్‌లోకి నైట్రస్ ఆక్సైడ్‌ను పంపి శక్తిని పెంచే పరికరాల సెట్టే నైట్రస్ కిట్. నైట్రస్ ఆక్సైడ్ స్వయంగా మండే వాయువు కాదు. ఇంజిన్ లోపలి వేడికి అది విడిపోయి ఆక్సిజన్‌ను వదులుతుంది కాబట్టి, ఆ అదనపు ఆక్సిజన్‌కు సరిపడా పెట్రోలు అందుతుందా లేదా అన్నదే భద్రత విషయంలో అసలు ప్రశ్న.

డ్రై కిట్ నైట్రస్‌ను మాత్రమే చల్లుతుంది, పెట్రోలు పెంచే భారం కారులోని ఇంజెక్టర్లదే (ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే భాగాలు). బిగించడం సులువే, కానీ ఇంజెక్టర్లు అప్పటికే తమ సామర్థ్యం అంచున ఉంటే మిశ్రమంలో పెట్రోలు తగ్గి పిస్టన్ కరిగిపోతుంది. ఆ ముప్పును స్పార్క్ ప్లగ్గే ముందుగా చెబుతుంది: తెల్లని పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు చుక్కలు, వాటి మధ్య మెరిసే అల్యూమినియం రేణువులు కనిపిస్తే వెంటనే ఆపేయాలి.

వెట్ కిట్‌లో నైట్రస్, పెట్రోలు రెండూ ఒకే నాజిల్ నుంచి వస్తాయి, జెట్లు (ఎంత వెళ్లాలో నిర్ణయించే సన్న రంధ్రాల బిళ్లలు) మార్చి పాళ్లు కుదుర్చుకోవచ్చు. అయితే గాలి కోసమే రూపొందిన ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలిని పంచే గొట్టాలు), తక్కువ వేగంలో పెట్రోలు మడుగు కట్టి బ్యాక్‌ఫైర్ కావచ్చు, అంటే ఆ గొట్టాల్లోనే మంట అంటుకోవచ్చు. అందుకే సుమారు 3,000 ఆర్‌పీఎం దాటి, థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుంటేనే పనిచేసే స్విచ్‌లు, పెట్రోలు ప్రెషర్ పడిపోగానే నైట్రస్‌ను ఆపే స్విచ్ తప్పనిసరి. ఇవన్నీ ఉంటే, అమెరికాలో మస్టాంగ్ లాంటి వీ8 కారుకు 75 హార్స్‌పవర్ అదనంగా ఇచ్చే జెట్‌తో వెట్ కిట్‌నే నేను ఎంచుకుంటాను.

ఏ కిట్ అయినా పెరిగే ప్రతి 50 హార్స్‌పవర్‌కు ఇగ్నిషన్ టైమింగ్ సుమారు 2 డిగ్రీలు తగ్గించాలి (అంటే స్పార్క్ కాస్త ఆలస్యంగా పడేలా చూడాలి), బాటిల్ సేఫ్టీ డిస్క్ (ఒత్తిడి మితిమీరితే పగిలి వాయువును వదిలే బిళ్ల) గొట్టాన్ని కారు బయటికి తీయాలి. మన దేశంలోనైతే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పులకు అడ్డు.