పిల్లి ఉన్న ఇంట్లో ఏది మేలు: పుస్తకాల బైండింగా, ఎంబ్రాయిడరీయా?

పై వాటాలో ఉండే పిన్నిగారు మొన్న ఆదివారం కిందకి వచ్చి, ఎనిమిదో తరగతి చదివే వాళ్ళమ్మాయికి సెలవుల్లో ఏదైనా చేతిపని నేర్పించమన్నారు. మా ఇంట్లో ఆవిడ రోజూ చూసేవి రెండే. ఒకటి ఎంబ్రాయిడరీ, రెండోది నేను చేత్తో కుట్టే నోటు పుస్తకాలు. "రెండూ సూదీ దారమే కదమ్మా, ఏదైతే ఏటి?" అన్నారు. మామూలుగా అయితే నేనూ అలాగే అనేదాన్ని. కానీ నెల కిందట ఆ పిల్ల వీధి చివర దొరికిన పిల్లికూనని ఇంటికి తెచ్చుకుంది. పిల్లి తిరిగే ఇంట్లో ఈ రెండు పనులూ ఒకటి కావు. పెదవాల్తేరులో ఈ ఇంట్లోనే రెండు పిల్లులతో, రెండు పనులతో ఆరేళ్ళు గడిపాను కాబట్టి చెప్పగలను.

ముందు దారం సంగతి. ఎంబ్రాయిడరీ దారం లచ్చి ఎనిమిది మీటర్లుంటుంది, అందులో ఆరు పోగులు. మూరెడు ముక్క తెంపి, రెండు పోగులు విడదీసి కుడతాం. ఒక్క మందార పువ్వుకే ఎరుపులో రెండు ఛాయలు, ఆకుపచ్చలో రెండు, మధ్యలో పసుపు కావాలి. రంగు మారినప్పుడల్లా వెనక్కి తిప్పి ముడేసి కత్తిరిస్తాం. ప్రతిసారీ ఒక తునక మిగులుతుంది. గంట కూర్చుంటే ఇరవై ముప్పై తునకలు ఒళ్ళోనో, చాప మీదో, ఫ్యాను గాలికి మంచం కిందో చేరతాయి.

పుస్తకం కుట్టడంలో అలా కాదు. నాలుగైదు కాగితాలు కలిపి మధ్యకి మడిస్తే ఒక ఫారం. చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర ఉండే ఆరె లాంటి దానితో మడత మీద కంతలు పొడిచి, ఫారాలన్నిటినీ ఒకే దారంతో కలుపుకుంటూ పోతాం. ఎంత దారం కావాలో లెక్క ముందే తెలుస్తుంది: పుస్తకం పొడవుని ఫారాల సంఖ్యతో హెచ్చించి, ఇంకో పొడవు కలపాలి. ఎనిమిది అంగుళాల పుస్తకానికి ఆరు ఫారాలైతే 56 అంగుళాలు. పని పూర్తయ్యాక కత్తిరించేవి రెండు కొసలు. ఆ దారానికి తేనెమైనం పట్టిస్తాం కాబట్టి బరువుగా, బిరుసుగా ఉంటుంది, గాలికి ఎగరదు. రెండు కొసలైతే లెక్కపెట్టి చెత్తడబ్బాలో వేయగలం. ముప్పై తునకల్ని ప్రతిరోజూ, ఒక్కటీ వదలకుండా ఏరడం నా వల్ల కాలేదు.

ఏరకపోతే ఏమవుతుందో రెండేళ్ళ కిందట కార్తీకమాసంలో చూశాను. మా చారల పిల్లి జున్ను నోటి పక్కనుంచి ఎర్ర పోగు అంగుళం మేర వేలాడుతోంది. దాన్ని వేళ్ళతో పట్టుకున్నాను కూడా. ఏ బుద్ధి పుట్టిందో, లాగకుండా ముందు పశువుల డాక్టరుగారికి ఫోన్ చేశాను. "లాగకండి, అలాగే తీసుకొచ్చేయండి" అన్నారు. బుట్టలో పెట్టుకుని ఆటో ఎక్కాను. దారం ఒక కొస నాలుక అడుగున చుట్టుకుని ఉంది, రెండో కొస పేగులోకి పోయింది. అలాంటప్పుడు పైనుంచి లాగితే లంగా నాడా లాగినప్పుడు గుడ్డ కుచ్చులు పడ్డట్టు పేగు ముడుచుకుపోతుందని, బిగిసిన పోగు పేగుని కోసేస్తుందని ఆయన కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. నాలుగో రోజు ఉడికించిన చేప ముక్క నాకేదాకా నాకు అన్నం సయించలేదు.

పిల్లి నాలుక మీద ముళ్ళు లోపలివైపు వంగి ఉంటాయి. నోట్లో పడ్డ పోగుని ఉమ్మేయాలని దానికి ఉన్నా, నాలుక లోపలికే తోస్తుంది. సూది గుచ్చి ఉన్న దారమైతే చెప్పనక్కర్లేదు. మాటిమాటికీ వాంతులు, తిండి మానేయడం, మంచం కింద మూల నక్కడం కనిపిస్తే రేపు చూద్దాం అనుకోకూడదు.

ఇదంతా విని ఎంబ్రాయిడరీ చెడ్డదనుకోకండి. పావుగంట దొరికితే చాలు, ఒక ఆకు కుట్టుకోవచ్చు. ఫ్రేము చేతిలో పట్టుకుని బాల్కనీలో కూర్చుంటే మనసు కుదుటపడుతుంది. బైండింగుకి బల్ల కావాలి, జిగురు ఆరేదాకా ఒక రాత్రంతా బరువు కింద పెట్టాలి. తీరిక, ఖర్చు చూసుకుంటే ఎంబ్రాయిడరీయే సులువు. మగ్గం వర్క్ మాత్రం పిల్లి ఇంట్లో వద్దే వద్దు. మంచం ఎత్తున బిగించి కట్టిన బట్టని చూస్తే పిల్లికి అది ఉయ్యాలే. మా నల్ల పిల్లి కాటుక పక్కింటివాళ్ళ మగ్గం మీదకి ఒకసారి దూకింది. పూసలన్నీ గది నిండా దొర్లాయి.

బైండింగులోనూ ఒక ప్రమాదం ఉంది, అది జిగురులో. పాతకాలపు బైండర్లు మైదా జిగురు ఉడికించేటప్పుడు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవారు. అది విషం. పిల్లి పాదానికి అంటిందంటే ఒళ్ళు నాక్కునేటప్పుడు నోట్లోకే పోతుంది. నేను ఉట్టి మైదానే వాడతాను. ఒక వంతు మైదాకి ఐదు వంతుల చన్నీళ్ళు పోసి ఉండలు లేకుండా కలిపి, సిమ్‌లో పెట్టి గంజిలా మెరుపు వచ్చేదాకా తిప్పాలి. మన విశాఖ ఉక్కలో బయట పెడితే మర్నాటికే పులిసిపోతుంది కాబట్టి ఏ రోజుకారోజు గిన్నెడు చేసుకోవడమే మంచిది. ఫెవికాల్ తొందరగా ఆరుతుంది, బూజూ అంతగా పట్టదు. కానీ రేపు పుస్తకం విప్పి బాగుచేయాలంటే మైదా జిగురు తడి చేస్తే వదులుతుంది, ఫెవికాల్ అంత తేలిగ్గా వదలదు. వాన రోజుల్లో అట్టకి ఒకవైపే కాగితం అంటిస్తే అప్పడంలా వంగిపోతుంది, రెండువైపులా అంటించాలి. ఇక బట్టలకైనా పుస్తకాలకైనా కలరా ఉండలు పెట్టడం మానేయండి. అవీ పిల్లులకి విషమే. ఎండు వేపాకు వేసుకుంటే చాలు.

సముద్రపు గాలి రెండు పనులనీ ఏడిపిస్తుంది. బట్టకి గుచ్చి వదిలేసిన సూది వారంలో తుప్పుపట్టి తెల్లగుడ్డ మీద మచ్చ వదులుతుంది. అయినా కుట్టిన పుస్తకం గట్టిదనం నేను కళ్ళారా చూశాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా కిటికీ అద్దాలు పగిలి నాన్నగారి బీరువా అంతా తడిసింది. వెన్నుకి జిగురు మాత్రమే పూసిన పుస్తకాలు ఉబ్బి, ఆరాక పేజీ పేజీగా ఊడిపోయాయి. దారంతో కుట్టినవాటికి అట్టలు ఊడినా ఫారాలు చెదరలేదు. వాటికి కొత్త అట్టలు వేయడంతోనే నాకు ఈ పని పట్టుబడింది.

రెండూ కావాలంటే దారి ఉంది, అట్ట మీది బట్టకి ఎంబ్రాయిడరీ చేయడం. నేను పొందూరు ఖాదీ వాడతాను. పత్తిని వాలుగ చేప దవడతో ఏకి నూలు తీసే బట్ట అది. చేప వాసన ఏమాత్రం లేకపోయినా మా కాటుక దాని మీదే పడుకుంటుంది. బట్ట వెనక పల్చటి కాగితం అంటించకపోతే జిగురు పైకి ఊరి మరక కడుతుంది. కుట్టు మాత్రం కాడ కుట్టో, గొలుసు కుట్టో, అదీ చిన్న చిన్నగా వేయాలి. పొడుగ్గా పరిచినట్టు వేసే కుట్లు గోటికి తగులుకుని లేచిపోతాయి. ఇది ఏడాదికి ఒకటి రెండు చేస్తాను, గది తలుపు వేసుకుని.

పిన్నిగారికి నేను చెప్పింది ఇదే: పిల్లికూన ఉన్నన్నాళ్ళు బైండింగే నేర్పిద్దాం, ఎంబ్రాయిడరీ తర్వాత చూద్దాం. పేపర్ కట్టరు నా చేతిలోనే ఉంటుంది, సూదులు మూతున్న స్టీలు డబ్బాలో ఉంటాయి, కత్తిరించిన రెండు కొసలూ ఆ పిల్లే లెక్కపెట్టి చూపించాలి. నిన్న మొదటి పుస్తకం నాలుగు ఫారాలతో కుట్టింది. మూడో ఫారం దగ్గర దారం వదులైతే విప్పి మళ్ళీ కుట్టింది. మొదటి పేజీ మీద పిల్లికూన పేరు రాసి, కింద టీకాల తేదీలకి గళ్ళు గీసుకుంది.