సినిమా సిట్టింగా, సొంత కథా: కొత్త రచయితకు ఏది మేలు?

రాయాలని హైదరాబాద్ వచ్చిన పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఎవరైనా సినిమా రైటర్ దగ్గర చేరిపోనా, ఉద్యోగం చేసుకుంటూ కథలు రాసుకోనా?" నేను రెండూ చేశాను. మూడేళ్లు కృష్ణానగర్‌లో సినిమా కథ, మాటలు నలుగురూ కూర్చుని తయారుచేసే సిట్టింగులకు తిరిగాను. ఆ తర్వాత అమీర్‌పేటలో ఉద్యోగం చేసుకుంటూ కథలు రాశాను.

సిట్టింగ్ గదిలో నేర్చుకున్నది తక్కువేం కాదు. ఒక సీన్ చెబుతాను. కొడుకు ఉద్యోగం మానేసి వచ్చాడు, ఆ సంగతి తండ్రికి చెప్పాలి. రెండు పేజీల డైలాగులు రాసుకెళ్లాను. మా సీనియర్ పెన్ను తీసి ఒక్కో లైనూ కొట్టుకుంటూ వచ్చాడు. "వాడితో ఏమీ చెప్పించకురా. ఐడీ కార్డు టేబుల్ మీద పెట్టించు చాలు" అన్నాడు. పదకొండు వెర్షన్లయ్యాక మిగిలింది తండ్రి మాట ఒక్కటే: "అయితే రేపు ఆరింటికి లేపొద్దా?" రాసింది కొట్టేయడం నాకు అక్కడే వచ్చింది. ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఉంటే ఆ రెండు పేజీలూ అలాగే ఉంచేసేవాణ్ణి.

ఆ సినిమా విడుదలైన రోజు అమ్మను ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మార్నింగ్ షోకి తీసుకెళ్లాను. ఆ మాటకు హాలంతా ఒక్క క్షణం చప్పుడు లేకుండా అయిపోయింది. టైటిల్స్‌లో మాత్రం నా పేరు లేదు. "నీ పేరెప్పుడు పడుతుందిరా?" అని అమ్మ ఇంటర్వెల్ దాకా అడుగుతూనే ఉంది. ఆ తర్వాత చేసిన ప్రాజెక్టు మధ్యలో ఆగిపోయింది, దాంతో రావాల్సిన డబ్బూ ఆగిపోయింది. కాగితం మీద ఏమీ లేదు కాబట్టి అడగడానికీ ఏమీ లేదు.

త్రివిక్రమ్, కొరటాల శివ ఇద్దరూ పోసాని కృష్ణమురళి దగ్గర పనిచేసి పైకొచ్చినవాళ్లేగా అంటారు. నిజమే, ఆ దారిలో వెళ్లి గెలిచినవాళ్లున్నారు. కానీ అవే గదుల్లో పదేళ్లు రాసి, ఒక్క టైటిల్ కార్డూ చూసుకోకుండా ఊరికి వెళ్లిపోయినవాళ్లు నాకు తెలుసు. వాళ్ల ప్రతిభకు ఏ లోటూ లేదు. ఇది నేను రాశాను అని చూపించడానికి వాళ్ల చేతిలో ఏమీ లేకపోయింది, అంతే.

కథలు రాస్తే అన్నం పెడతాయా? పెట్టవు. ఒక కథకు వచ్చే పారితోషికం ఓ వారం టిఫిన్లకు సరిపోతే గొప్ప. పంపాక నెలల తరబడి ఎదురుచూడాలి. విపుల, చతుర లాంటి మాసపత్రికలు ఆగిపోయాక చోటు ఇంకా తగ్గింది, ఇప్పుడు చాలావరకు ఆదివారం అనుబంధాలే దిక్కు. తొలి ఏడాది నేను పంపినవాటిలో ఒక్కటీ పడలేదు. అయినా కథతో పాటు ప్రతిసారీ ఒక హామీ పత్రం రాయాలి: ఈ కథ నా సొంతం, అనువాదమో అనుసరణో కాదు, మరెక్కడా పరిశీలనలో లేదు. కింద సంతకం. మూడేళ్లు గదిలో రాసినదానికి అలాంటి సంతకం నన్నెవరూ అడగలేదు.

షార్ట్ ఫిల్మ్ మూడో దారి. తరుణ్ భాస్కర్ అలాగే మొదలుపెట్టి 2016లో వచ్చిన 'పెళ్ళిచూపులు' మాటలకు జాతీయ అవార్డు తెచ్చుకున్నాడు. తీయడం కూడా ఇష్టమైతేనే ఆ వైపు వెళ్లండి. రాయడమొక్కటే ఇష్టమైతే లైట్లకూ లెన్సులకూ డబ్బు వెతకడంతోనే ఏడాది గడిచిపోతుంది.

అందుకే నా ఓటు ముందు సొంత కథకు. మీ పేరుతో పది కథలు అచ్చయ్యాక గదికి వెళ్లండి, వెళ్లొద్దని అనను. అప్పుడు మిమ్మల్ని "ఆ కథ రాసిన అబ్బాయి", "ఆ కథ రాసిన అమ్మాయి" అని పిలుస్తారు, బేరం అక్కడి నుంచి మొదలవుతుంది. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. కథ లైను నోటితో చెప్పి వదిలేస్తే దానికి కాపీరైట్ ఉండదు, రాసినదానికే ఉంటుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఆ హక్కును ఇంకొకరికి రాసివ్వాలంటే రాతపూర్వకంగా, మీ సంతకంతోనే జరగాలి. 2012 సవరణ రచయితకు రాయల్టీ హక్కు కూడా ఇచ్చింది. కథ వినిపించేముందు సినీ రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించుకోండి. అడ్వాన్స్ ఎంత, పేరు ఎక్కడ పడుతుంది అన్నవి మొదటిరోజే అడగండి, కాగితం మీద రాయించుకోండి. అడిగితే ఏమనుకుంటారోనని నేను మూడేళ్లు ఆగాను.

మొన్న దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఒక రైటర్ రమ్మన్నారట, ఎల్లుండి నుంచే. సంచిలో తన కథ ఒకటి ఉంది, ఎక్కడికీ పంపలేదు. ముందు దాన్ని పంపమన్నాను. హామీ పత్రం ఎలా రాయాలో తెలియదంటే నా టేబుల్ దగ్గరే కూర్చోబెట్టాను. నాలుగు లైన్లు రాసి, పెన్ను ఎత్తి పట్టుకుని, "ఇంటిపేరుతో సహా రాయనా అన్నా?" అని అడిగింది.

మొత్తం పేరు రాయమ్మా అన్నాను.