ముత్తాత జాడ కోసం జనాభా లెక్కలా, భూమి కాగితాలా: ఏది మేలు?

"చిన్నాన్నా, ఇక్కడ నా స్నేహితురాలు వాళ్ల ముత్తాత ఏ వీధిలో ఉండేవాడో, ఏం పనిచేసేవాడో పది నిమిషాల్లో చూపించింది. మన పెద్దలు ఎందుకు దొరకరు?" న్యూజెర్సీలో ఉంటున్న మా అన్నయ్య కూతురు అడిగిన ప్రశ్న ఇది.

ఆ పిల్ల చెప్పింది నిజమే. అమెరికాలో జనాభా లెక్కల కాగితాలు 72 ఏళ్లు దాటగానే జనానికి తెరుస్తారు. 1950 నాటివి 2022 ఏప్రిల్ 1న తెరిచారు, చూడటానికి పైసా అక్కర్లేదు. ఇంగ్లండులో గడువు నూరేళ్లు. 1921 లెక్కలు 2022 జనవరిలో బయటికొచ్చాయి. 1931వి మాత్రం ఎప్పటికీ రావు, 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. మీవాళ్లెవరైనా ఆ రోజుల్లో ఓడెక్కి ఆ దేశాల్లో స్థిరపడి ఉంటే, సందేహం లేకుండా అక్కడి లెక్కలతోనే మొదలుపెట్టండి. ఇంటిల్లిపాది పేర్లూ వయసులతో సహా దొరుకుతాయి.

మన సంగతి వేరు. మన ప్రాంతం అప్పట్లో ఉన్న మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) 1871లో, దేశమంతా ఒక్కసారిగా 1881లో లెక్కలు తీశారు. అప్పటినుంచి 2011 దాకా పదేళ్లకోసారి తీస్తూ వచ్చారు. కానీ ఇంటింటికీ రాసుకున్న కాగితాలను, పట్టికలు కట్టాక భద్రంగా ఉంచలేదు. స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, ఎన్యూమరేటరు (ఇంటింటికీ వచ్చి లెక్కలు రాసే మనిషి) రాసుకున్న వివరాలు చూపించమని అడిగే హక్కు మనకు లేదు. అంటే మన జనాభా లెక్కల్లో ముత్తాత ఒక అంకె, అంతే. ఇది తెలియక నేను ఒక విదేశీ వెబ్‌సైటుకి మూడు నెలలు చందా కట్టాను. ఇంటిపేరు కొడితే ఎవరెవరో వచ్చారు గానీ, మా ఊరివాడు ఒక్కడూ రాలేదు. డబ్బు పోయినందుకు కాదు, రోజూ రాత్రి ఆశగా వెతికినందుకు బాధేసింది.

అలాగని మన సెన్సస్ రిపోర్టులు దండగని అనను. సెన్సస్ శాఖ వెబ్‌సైటులో పాత సంపుటాలు ఉచితంగానే ఉన్నాయి. 1901లో విశాఖపట్నం జనం 40,892 మందే అని చూసినప్పుడు, మా నాయనమ్మ "ఊరంటే కోట వీధులే, ఆ పైన తోటలే" అని ఎందుకనేదో అర్థమైంది. 1951 నుంచి వచ్చిన జిల్లా హ్యాండ్‌బుక్కుల్లో ఒక్కో పల్లె వివరాలూ ఉంటాయి. వెతికేటప్పుడు పాత స్పెల్లింగులు వాడాలి: వైజాగపటం (విశాఖపట్నం), బిమ్లిపటం (భీమిలి), చికాకోల్ (శ్రీకాకుళం). శ్రీకాకుళాన్ని ఆ రోజుల్లో విశాఖ జిల్లాలో వెతికితే దొరకదు, 1936 దాకా అది గంజాం జిల్లా.

పేరే కావాలంటే భూమి కాగితమే మేలు. ఇది నా అనుభవం. మన ఉత్తరాంధ్రలో ఎక్కువ పల్లెలు జమీందారీలవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వే చేసి, రైతువారీ పట్టాల కోసం సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అనే భూమి రికార్డు రాశారు. రెవెన్యూవాళ్లు ఎస్.ఎఫ్.ఏ. అంటారు. ప్రభుత్వ భూ రికార్డుల వెబ్‌సైటు 'మీభూమి'లో చూసే అడంగల్ ఇప్పటిది. పాతది కావాలంటే సర్వే నంబరు పట్టుకుని తహసీల్దారు ఆఫీసులో నకలుకి దరఖాస్తు పెట్టాల్సిందే. నాకు మూడుసార్లు తిరిగాక దొరికింది. పచ్చబడ్డ కాగితం, నిలువు గళ్లు, సిరా పాకిన అక్షరాలు. ఒక గడిలో మా తాతగారి పేరు, పక్కన "తండ్రి" అని ముత్తాత పేరు.

ఒక జాగ్రత్త చెప్పాలి. సింహాచలం అప్పన్న దయవల్ల మన వైపు ప్రతి ఇంట్లోనూ ఒక అప్పలస్వామో అప్పలనరసమ్మో ఉంటారు. ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు మూడూ కలిస్తే తప్ప మనవాడేనని నమ్మకండి. మా ముత్తాత ఇంట్లో అందరికీ అప్పలస్వామి. కాగితంలో మాత్రం అప్పలసామి.

మిగతావాటి సంగతి క్లుప్తంగా. వంశాల రికార్డులు వెతికే వెబ్‌సైటు ఫ్యామిలీసెర్చ్‌లో పండాల వహీలు (తీర్థక్షేత్రాల పురోహితులు యాత్రికుల వంశాలు రాసిపెట్టే పుస్తకాలు) ఉన్నాయి, కానీ అవి ఎక్కువగా హరిద్వారం వైపువి. మనవాళ్లు వెళ్లేది కాశీకి, గయకి, పూరీకి కాబట్టి అక్కడి పండా దగ్గరికి నేరుగా వెళ్లి అడగటమే మంచిది. వాల్తేరు ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలకు చర్చి బాప్తిస్మ, పెళ్లి రిజిస్టర్లున్నాయి. వాళ్ల పని మనకన్నా సులువు. బర్మాలోని రంగూను వెళ్లిన పెద్దలున్నవాళ్లకే అన్నిటికన్నా కష్టం. 1931లో ఆ ఊళ్లో సగానికి పైగా భారతీయులే. అయినా ఆ లెక్కలు కూడా అంకెలే గానీ పేర్లు కావు. అలాంటివాళ్లు ఇంట్లోని పాత ఉత్తరాలు, మనియార్డరు రసీదులు ముందు వెతకండి.

ఆ అడంగల్ పేజీ ఫొటో తీసి అమ్మాయికి పంపాను. అరగంటకి ఫోన్ వచ్చింది. "చిన్నాన్నా, అప్పలసామిగారి నాన్న పేరు?" అంది. వచ్చే వారం మళ్లీ తహసీల్దారు ఆఫీసుకి వెళ్తున్నాను.