పెద్ద క్లబ్ లో బెంచా, చిన్న క్లబ్ లో గోల్ పోస్టా? గోలీకి ఏది మేలు?

మా మేనల్లుడు గోలీ, అంటే గోల్ కీపర్. 18 ఏళ్ళు, ఆరడుగుల రెండంగుళాలు, అరచెయ్యి విస్తరాకంత ఉంటుంది. మొన్న వాడికి ఒకేసారి రెండు చోట్ల నుంచి పిలుపొచ్చింది. ఒకటి పేరున్న పెద్ద క్లబ్, జీతం, హాస్టల్, మంచి గోల్ కీపింగ్ కోచ్ అన్నీ ఉన్నాయి కానీ వీడు మూడో గోలీ, అంటే ముందున్న ఇద్దరికీ ఒకేసారి జ్వరమొస్తే తప్ప మ్యాచ్ లేదు. రెండోది కింది లీగ్ లో ఒక చిన్న టీమ్, డబ్బులు అంతంతమాత్రం, గ్రౌండ్ ఇంకా అంతంతమాత్రం, కానీ మొదటి రోజు నుంచి గ్లవ్స్ వీడివే. "చెప్పు మావయ్యా, ఏది?" అని నన్నడిగాడు. నేను కాలేజ్ లో రెండేళ్ళు కీపర్ని, అంటే పరిగెత్తలేనని అక్కడ నిలబెట్టారు, అదీ నా అనుభవం. కానీ ఫుట్ బాల్ చూడటంలో మాత్రం ఎప్పుడూ బద్ధకించలేదు కాబట్టి రాత్రంతా ఆలోచించి వాడికి చెప్పిందే ఇక్కడా రాస్తున్నా.

ముందు ఒక సంగతి. ఈ బెంచ్ కష్టం గోలీకి ఉన్నట్టు వేరే ఎవరికీ ఉండదు. ఫార్వర్డ్ బెంచ్ మీదుంటే చివర్లో ఇరవై నిమిషాలైనా దింపుతారు, ఇప్పుడు ఐదుగురు సబ్ లని వాడుకోవచ్చు కూడా, కానీ ఆ ఐదుగురిలో గోలీ ఉండడు. మొదటి గోలీకి దెబ్బ తగలాలి, లేదా రెడ్ కార్డ్ పడాలి, లేకపోతే కోచ్ కి వాడి మీద నమ్మకం పోవాలి. అంటే రెండో గోలీ బతుకు పక్కవాడి కష్టం మీద ఆధారపడి ఉంటుంది, పైకి మాత్రం వామప్ లో వాడికే నవ్వుతూ బంతులేసి పంపాలి.

పెద్ద క్లబ్ లో ఓపిగ్గా ఉంటే ఫలితం వస్తుంది అనేవాళ్ళందరూ చూపించే పేరు అర్జెంటీనా గోలీ ఎమిలియానో మార్టినెజ్. అక్కడి నుంచి 2010 లో కుర్రాడిగా ఇంగ్లండ్ లోని పెద్ద క్లబ్ ఆర్సెనల్ కి వచ్చాడు. తర్వాత పదేళ్ళు ఆక్స్ ఫర్డ్, షెఫీల్డ్ వెన్స్ డే, రోథర్ హామ్, వుల్వ్స్, గెటాఫే, రీడింగ్ అంటూ లోన్ మీద (అంటే సొంత క్లబ్ వాళ్ళే కొన్నాళ్ళు వేరే టీమ్ కి ఆడమని పంపడం) ఊళ్ళు తిరగడమే, గెటాఫే లో అయితే అక్కడ కూడా ఎక్కువ బెంచే. 2020 జూన్ లో బ్రైటన్ తో మ్యాచ్ లో ఆర్సెనల్ మొదటి గోలీ లెనో మోకాలికి దెబ్బ తగిలింది, మార్టినెజ్ లోపలికొచ్చాడు, ఆ సీజన్ ఎఫ్ఏ కప్ గెలిచాడు. అప్పుడైనా "నంబర్ వన్ నువ్వే" అని ఆర్సెనల్ గట్టిగా చెప్పలేదు, దాంతో సెప్టెంబర్ లో యాస్టన్ విల్లాకి వెళ్ళిపోయాడు. 2021 కోపా అమెరికా సెమీస్ లో కొలంబియా మీద మూడు పెనాల్టీలు ఆపాడు, 2022 వరల్డ్ కప్ ఫైనల్ ఎక్స్ ట్రా టైమ్ ఆఖరి నిమిషంలో ఫ్రాన్స్ ఫార్వర్డ్ కోలో ముఆనీ షాట్ ని ఎడమ కాలితో ఆపాడు, ఆ షాట్ ఎన్నిసార్లు చూసినా ఈసారి గోల్ అయిపోతుందేమో అని నాకు గుండె దడే. ఆ టోర్నీ గోల్డెన్ గ్లవ్, అంటే బెస్ట్ గోలీ అవార్డు కూడా వాడిదే.

కథ బాగుంది. కానీ దీన్ని తిరగేసి చూడండి. ఆర్సెనల్ లో పదేళ్ళకి మొత్తం ఆడింది 38 మ్యాచ్ లు. అర్జెంటీనా తరఫున మొదటి మ్యాచ్ ఆడింది 2021 లో, అప్పటికి 28 ఏళ్ళు. లెనో ఆ రోజు సరిగ్గా కింద పడి ఉంటే? నాకైతే ఇది ఓపికకి దక్కిన ఫలితం కంటే వదిలేసి వెళ్ళిన తెగింపుకి దక్కిన ఫలితంలా కనిపిస్తుంది, ఎందుకంటే ఎఫ్ఏ కప్ మెడల్ మెళ్ళో వేసుకుని పెద్ద క్లబ్ ని వదిలి వెళ్ళడం అంత తేలిక కాదు.

ఇక రెండో పక్క మన ఇండియా గోలీ గురుప్రీత్ సింగ్ సంధు. ఈస్ట్ బెంగాల్ నుంచి 2014 లో నార్వేలో స్టాబెక్ క్లబ్ కి వెళ్ళాడు. అక్కడ ముందున్నది ఐవరీ కోస్ట్ గోలీ సయూబా మాండే, దాంతో మనోడు చాలాకాలం బెంచే. 2016 లో లీగ్ లో దిగాడు, అదే ఏడాది యూరోపా లీగ్ క్వాలిఫయింగ్ మ్యాచ్ కూడా ఆడి, ఆ పోటీలో ఆడిన మొదటి ఇండియన్ అయ్యాడు. మూడేళ్ళయ్యాక 2017 లో బెంగళూరు ఎఫ్సీకి వచ్చేశాడు. అప్పట్లో చాలామంది "యూరప్ వదిలేసి వచ్చేశాడేంటి, ఇంకో రెండేళ్ళు ఉండాల్సింది" అన్నారు, నేను కూడా అన్నాను, ఒప్పుకుంటున్నా. తప్పు మాదే. ఇక్కడికొచ్చాక వరసగా మ్యాచ్ లు ఆడాడు, 2018-19 లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) టైటిల్, ఆ సీజన్, తర్వాతి సీజన్ రెండుసార్లూ గోల్డెన్ గ్లవ్. 2019 సెప్టెంబర్ లో దోహాలో ఏషియా ఛాంపియన్ ఖతార్ మీద మన ఇండియా 0-0 గుర్తుందా? ఆ రోజు కెప్టెన్ ఛెత్రీకి ఒంట్లో బాలేదు, ఆ బాధ్యత గురుప్రీత్ దే, షాట్ల మీద షాట్లు పడుతుంటే ఒక్కటీ లోపలికి వెళ్ళనివ్వలేదు. అలాంటి రాత్రి బెంచ్ మీద కూర్చుని ట్రైనింగ్ చేస్తే రాదు. కానీ నార్వే దండగ అని కూడా అననండోయ్, రోజూ ఆ స్పీడ్ లో షాట్లు తిన్నవాడికి ఇక్కడి షాట్లు కొంచెం నెమ్మదిగానే కనిపించి ఉంటాయి.

మూడో రకం కూడా ఉంది, దాన్ని ఎవరూ కలగా చెప్పుకోరు. ఇంగ్లండ్ గోలీ స్కాట్ కార్సన్. 2005 లో లివర్ పూల్ ఇస్తాంబుల్ లో ఛాంపియన్స్ లీగ్ గెలిచినప్పుడు బెంచ్ మీదున్నాడు, 2023 లో అదే ఇస్తాంబుల్ లో మాంచెస్టర్ సిటీ గెలిచినప్పుడూ జట్టులో ఉన్నాడు. మధ్యలో 2007 నవంబర్ లో వెంబ్లీలో క్రొయేషియా మీద ఇంగ్లండ్ కి ఆడుతుంటే, వాళ్ళ క్రాంచార్ దూరం నుంచి కొట్టిన బంతి ఇతని చేతుల మీదుగా జారి లోపలికెళ్ళింది, ఇంగ్లండ్ 3-2 తో ఓడి యూరోకి క్వాలిఫై కాలేదు. గోలీ పనిలో దారుణం ఇదే, తొంభై నిమిషాల్లో ఎనభై తొమ్మిది ఎవరికీ గుర్తుండవు. ఆ తర్వాత వెస్ట్ బ్రామ్, టర్కీలో బుర్సాస్పోర్, విగన్, డెర్బీ అన్నిచోట్లా వరసగా ఆడాడు, ఆడీ ఆడీ 2019 లో సిటీకి మూడో గోలీగా వెళ్ళాడు. అక్కడ ఆరేళ్ళలో రెండే మ్యాచ్ లు. ఒకటి 2021 లో న్యూకాసిల్ మీద, అందులో పెనాల్టీ ఆపాడు కానీ తిరిగొచ్చిన బంతి గోల్ అయింది, రెండోది 2022 లో స్పోర్టింగ్ మీద సబ్ గా. దీన్ని ఫెయిల్యూర్ అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. కుర్ర గోలీలకి ట్రైనింగ్ లో తోడుండటం, డ్రెస్సింగ్ రూమ్ లో పెద్దరికం, అదీ ఒక ఉద్యోగమే. కాకపోతే అది 33 ఏళ్ళకి తీసుకున్న ఉద్యోగం, 18 కి కాదు.

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి స్పెయిన్ గోలీ కేపా గురించి ఒక్క మాట. 2018 లో 8 కోట్ల యూరోలకి చెల్సీ కొంది, అంత రేటు ఏ గోలీకీ అప్పటిదాకా లేదు. రెండేళ్ళకే మెండీ అనే ఇంకో గోలీ వచ్చి ఆ ప్లేస్ తీసుకున్నాడు. పెద్ద క్లబ్ లో నంబర్ వన్ అయినా కుర్చీ నీదే అని రాసిచ్చేవాళ్ళు లేరు.

అన్నట్టు, మన ఊరి పెద్దాయన్ని మర్చిపోతే పాపం. పీటర్ తంగరాజ్ పుట్టింది హైదరాబాద్ లోనే. 1962 లో జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో సౌత్ కొరియా మీద మనం 2-1 తో గెలిచినప్పుడు గోల్ లో నిలబడింది ఆయనే, కోచ్ కూడా మన రహీమ్ సాబే. ఇప్పుడు హైదరాబాద్ లో పిల్లల్ని అడిగితే మార్టినెజ్ పేరు చెప్తారు, తంగరాజ్ పేరు ఎంతమంది చెప్తారో మరి.

సరే, వాడికి నేనేం చెప్పానంటే, ఇరవై రెండు, ఇరవై మూడు వచ్చేదాకా మ్యాచ్ లు ఎక్కడ దొరికితే అక్కడికే పో. బంతి ఆపడం ట్రైనింగ్ లో వస్తుంది, కానీ కార్నర్ కి బయటికి రావాలా ఆగాలా, డిఫెండర్ మీద ఎప్పుడు అరవాలి, చెత్త గోల్ తిన్నాక మిగతా అరగంట ఎలా నిలబడాలి, ఇవి మ్యాచ్ లోనే వస్తాయి, అందులో ఆఖరిది మరీను. గోలీకి వయసు కూడా తోడుంటుంది. ఇటలీ గోలీల్నే చూడండి, జోఫ్ 40 ఏళ్ళకి వరల్డ్ కప్ ఎత్తాడు, బుఫాన్ 45 దాకా ఆడాడు. ఇప్పుడు నాలుగేళ్ళు చిన్న టీమ్ లో ఆడినంత మాత్రాన పెద్ద క్లబ్ ఎక్కడికీ పోదు. ఒక్కటే మినహాయింపు, పెద్ద క్లబ్ వాళ్ళు ఫలానా టీమ్ కి లోన్ మీద పంపుతాం, అక్కడ ఆడిస్తాం అని కాగితం మీద రాసిస్తే అది వేరే లెక్క, సంతకం పెట్టేయొచ్చు. నోటి మాట అయితే మాత్రం వద్దు.

మా అక్కకి నా సలహా నచ్చలేదు, "జీతం వచ్చేదాన్ని వదులుకోమంటావా" అని రెండ్రోజులు నాతో మాట్లాడలేదు, ఆవిడ బాధా న్యాయమే. వాడు పెద్ద క్లబ్ వాళ్ళని లోన్ గురించి అడిగాడు, చూద్దాంలే అన్నారట. నిన్న చిన్న టీమ్ గ్రౌండ్ చూసొచ్చి ఫోన్ చేశాడు. "మావయ్యా, గోల్ ముందు గడ్డి ఒక్క పోచ లేదు, మొత్తం మట్టే, నెట్ కి ఎడమ పక్క పెద్ద చిల్లు." మోకాళ్ళకి ప్యాడ్లు కొనిస్తానన్నాను. సైజు చెప్పాడు.