ఫ్లాష్‌కి టోపీయా, తెల్ల అట్టా, సాఫ్ట్‌బాక్సా: ఏది మేలు?

మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడితే చాలు, కొత్తగా పెళ్ళిళ్ళు తీస్తున్న కుర్రాళ్ళు వరసగా ఒకటే అడుగుతారు. "అన్నా, ఫ్లాష్‌కి ఏ డిఫ్యూజర్ కొనమంటావ్?" (ఫ్లాష్ వెలుగుని మెత్తబరచడానికి పెట్టేదన్నమాట.) మొన్న నేనూ ఒక చిన్న సాఫ్ట్‌బాక్స్, అంటే ఫ్లాష్ ముందు తగిలించే తెల్ల గుడ్డ పెట్టె, కొన్నాను. ఎలాగూ కొన్నాం కదా అని ఉన్నవన్నీ బల్ల మీద పరిచి, మేనకోడలికి వాళ్ళమ్మ కాసులపేరు వేయించి, గోడ ముందూ ఆరుబయటా కూర్చోబెట్టి ఒక ఆదివారమంతా తీశాను. పాపం, పిల్ల రెండు ఐస్‌క్రీములకి ఒప్పుకుంది.

ముందు టోపీ సంగతి. ఫ్లాష్ తలకి తొడిగే పాల రంగు ప్లాస్టిక్ డబ్బా. నికాన్ ఎస్‌బీ-700 లాంటివాటికి పెట్టెలోనే వస్తుంది, మిగతావాటికి బజార్లో చవగ్గా దొరుకుతుంది. పెళ్ళికొచ్చే పదిమంది ఫొటోగ్రాఫర్లలో ఎనిమిదిమంది ఫ్లాష్ మీద ఇదే. నేనూ ఆరేడేళ్ళు దీన్ని తీయకుండా తిరిగినవాణ్ణే.

ఒక పని చేసి చూడండి. కెమెరాని టోపీతో సహా స్టాండు మీద పెట్టి, ఎనిమిదడుగుల దూరంలో పెళ్ళికూతురు కూర్చునే చోట మీరు కూర్చోండి. చెయ్యి చాచి, బొటనవేలు నిలబెట్టి, ఒక కన్ను మూసి చూడండి. టోపీ దాదాపు మొత్తం వేలి వెనక దాక్కుంటుంది. పెళ్ళికూతురి మొహానికి కనపడే దీపం అంతే, బొటనవేలంత. ముక్కు కింద నీడ అంచు మెత్తగా ఉంటుందా, కత్తితో కోసినట్టు ఉంటుందా అన్నది మొహానికి దీపం ఎంత పెద్దదిగా కనపడుతుందనే దాన్నిబట్టే. టోపీ పెట్టగానే వెలుగు తగ్గుతుంది గానీ దీపం పెద్దదవదు. చెమట పట్టిన నుదుటి మీద జిడ్డు మెరుపూ పోదు, కాసు కాసుకీ తెల్లటి చుక్కా పోదు. మేనకోడలి ఫొటోల్లో, గోడా కప్పూ అందని చోట టోపీతో తీసినదీ లేకుండా తీసినదీ పక్కపక్కన పెడితే, ఏది ఏదో నేనే ఫైలు పేరు చూసి చెప్పాల్సి వచ్చింది.

మరి ఇంట్లో తీసినప్పుడు బాగానే వస్తుందేం? ఎందుకంటే టోపీ వెలుగుని నాలుగు వైపులకీ చల్లుతుంది. పదడుగుల తెల్ల సున్నపు కప్పుకీ పక్క గోడకీ తగిలి అది తిరిగొస్తుంది. మెత్తబరిచింది గది, పేరు మాత్రం టోపీకి. ఈ మాట నాకు బోధపడింది ఒక ఆరుబయట పెళ్ళిలో. పైన ఆకాశం, చుట్టూ కొబ్బరితోట. టోపీ పెట్టుకుని రాత్రంతా కొట్టాను. ఒకటిన్నర, రెండు స్టాపుల వెలుగు దానికే పోతుంది (ఒక్కో స్టాపుకీ వెలుగు సగమవుతుంది). ఫ్లాష్ ఎంత కొట్టాలో కెమెరాయే లెక్కగట్టే టీటీఎల్ పద్ధతి తనంతట తనే పవర్ పెంచేస్తుంది కాబట్టి ఆ నష్టం తెర మీద కనపడదు, బ్యాటరీల్లో కనపడుతుంది. సరిగ్గా తలంబ్రాల వేళకి ఫ్లాష్ వేడెక్కి ఆగిపోయింది. ఆ అమ్మాయి దోసిలి పైకెత్తి మొదటిసారి పోసిన ఫ్రేము చీకట్లో కలిసిపోయింది. పెట్టె మీద ఫ్లాష్ బలం చెప్పే గైడ్ నంబర్ 60 అని ఉందిగా అనకండి. ఆ అంకె ఫ్లాష్ తలని 200 మి.మీ.కి జూమ్ చేసి వెలుగంతా ఒకే చోటికి కొట్టినప్పటిది. టోపీ పెట్టాక దానికి అర్థమే లేదు.

నా ఓటు తెల్ల అట్టకి. పోస్టుకార్డు కన్నా కాస్త పెద్దది, రబ్బరు బ్యాండుతో ఫ్లాష్ తల వెనక బిగించేది. నేను వాడేది ఒక పెళ్ళిపత్రిక వెనక ఖాళీ వైపు కత్తిరించింది. మీగడ రంగుది మాత్రం వద్దు, మొహాలు పచ్చబడతాయి. తల పైకి తిప్పి కొడితే ఎక్కువ వెలుగు కప్పుకి పోయి, మూడు నాలుగడుగుల మేర పరుచుకుని కిందికి దిగుతుంది. ఇప్పుడు దీపం బొటనవేలంత కాదు, మంచమంత. అయితే పైనుంచి మాత్రమే వచ్చే వెలుగుతో మన పెళ్ళిళ్ళలో ఒక చిక్కుంది. నుదుటి మీద బాసికం. దాని నీడ కళ్ళలో పడి, గుంటలు పడ్డట్టు కనపడతాయి. అట్టకి తగిలి ముందుకొచ్చే కొద్దిపాటి వెలుగు ఆ గుంటల్ని నింపుతుంది, కంట్లో చిన్న మెరుపూ పెడుతుంది. ఫ్లాష్‌లోంచి బయటికి లాగే బుల్లి తెల్ల ముక్క ఉంటుంది చూడండి, దానితో ఆ మెరుపు వరకే వస్తుంది. గుంటలు నింపడానికి అది చాలదు.

పక్కన తెల్లగోడ ఉంటే అట్ట కూడా తీసేస్తాను. తల పక్కకీ కాస్త వెనక్కీ తిప్పి గోడకే కొడతాను. మొహానికి ఒకవైపు వెలుగు, ఇంకోవైపు పలచని నీడ. కిటికీ పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. అన్నట్టు, జీలకర్ర బెల్లం ముందు పట్టే అడ్డుతెర తెల్లదైతే వదలకండి. దానికి కొట్టిన వెలుగు పెళ్ళికూతురి మొహం మీద ఎంత చక్కగా పడుతుందో.

కప్పు ఎత్తు మరిచిపోతే మాత్రం అట్ట మోసం చేస్తుంది. పదడుగుల కప్పయితే వెలుగు పైకి పోయి మొహం చేరేసరికి పన్నెండు, పదమూడడుగులు నడుస్తుంది. పాతికడుగుల ఫంక్షన్ హాల్లో అదే నలభై అడుగులు. చేరేది పదో వంతు. ఐఎస్ఓ (కెమెరా వెలుగుని పట్టే చురుకు) 1600 కి పెంచి, ఎపర్చర్ (లెన్సులో వెలుగొచ్చే కంత) 2.8 కి తెరిచి నెట్టుకురావచ్చు గానీ, ప్రతి దెబ్బా ఫుల్ పవరే అవుతుంటే ఆపేయండి. రంగు ఇంకో తంటా. ఎర్ర షామియానా కింద పైకి కొడితే పెళ్ళివారంతా కారం పూసుకున్నట్టు వస్తారు. ఎడిటింగులో రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఎంత లాగినా చీర రంగు దక్కదు. ఊదా రంగు ఎల్‌ఈడీలు దిగ్గొట్టిన ఫాల్స్ సీలింగ్ సంగతి వేరే చెప్పాలా?

ఇలాంటి చోట్ల కోసమే సాఫ్ట్‌బాక్స్ కొన్నాను. ఆరంగుళాలకి ఎనిమిదంగుళాలది, మడిస్తే జేబులో పడుతుంది. ఎనిమిదడుగుల నుంచి రెండు బొటనవేళ్ళంత దీపం, అంతకన్నా పొగడను. నీడ అంచు కొంచెం కరిగింది, కాసుల మీద చుక్క కొంచెం వెడల్పయింది. అదే రెండడుగుల దగ్గరికి వెళితే కథ మారుతుంది. గోరింటాకు చేతులు, మెట్టెలు తొడిగే కాలివేళ్ళు, పాపిడిబిళ్ళ, వీటికి నా సంచిలో దీన్ని మించింది లేదు. ఆరుబయటైతే దీన్ని పెట్టుకుని, షట్టర్ వేగం 1/60 సెకనుకి దించి, ఐఎస్ఓ పెంచి, పందిరి దీపాల వెలుగునే ఎక్కువ పని చేయనిస్తాను. ఫ్లాష్ కొసరు మాత్రమే. ఎగిరే తలంబ్రాల గింజలు వెనక దీపాల్లో కాస్త తోకలు లాగినా, ఫ్లాష్ తగిలిన చోట గింజ గింజా స్పష్టంగా నిలుస్తుంది.

గ్యారీ ఫాంగ్ లైట్‌స్పియర్ లాంటి గిన్నెలు టోపీకి పెద్దన్నలు. కాస్త మేలే, కానీ బరువుకి ఫ్లాష్ తల వాలిపోతుంది, గది లేని చోట కష్టాలు అవే. కెమెరా మీద లేచే బుల్లి ఫ్లాష్‌కి టిష్యూ కాగితం చుట్టేవాళ్ళున్నారు. దానితో వెలుగు తగ్గుతుంది, అంతే. అంతకన్నా ఒక తెల్ల విజిటింగ్ కార్డుని దాని ముందు ఏటవాలుగా పట్టి కప్పుకి మళ్ళించండి. కప్పు తక్కువ ఎత్తులో ఉంటే, ఐఎస్ఓ 1600 దగ్గర ఇంట్లో పుట్టినరోజు ఫొటోలకి సరిపోతుంది.