సెకండ్‌హ్యాండ్‌లో క్రెటానా, బ్రెజానా?

ఇంట్లో నలుగురైదుగురు. కాస్త అటూ ఇటూగా ఒకే ధరకి రెండు బళ్లు దొరుకుతున్నాయి: ఒకటి మొదటి తరం (2015-20) హ్యుందాయ్ క్రెటా 1.6 డీజిల్, రెండోది 2020 తర్వాతి మారుతి బ్రెజా పెట్రోల్. చూడగానే మనసు క్రెటా మీదికే పోతుంది. 128 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) ఇంజిన్, వెడల్పైన వెనక సీటు, హైవే మీద లారీని దాటేటప్పుడు ఉండే ధీమా. బ్రెజాది దాదాపు 105 పీఎస్. నిండా జనం, సామాను వేసుకుని ఘాట్ ఎక్కితే గేర్లు మారుస్తూనే ఉండాలి.

ఏళ్ల తరబడి తిప్పలు పెట్టకుండా నడవాలంటే మాత్రం లెక్క వేరు. బ్రెజా పెట్రోల్‌కి టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం) లేదు, ఖరీదైన డీజిల్ ఇంజెక్టర్లు లేవు. అదే 1.5 లీటర్ల ఇంజిన్ ఎర్టిగాలో, సియాజ్‌లో కూడా ఉంది కాబట్టి చిన్న ఊళ్లో మెకానిక్‌కి కూడా అలవాటైనదే. క్రెటా డీజిల్ గట్టి ఇంజినే, అందులో అనుమానం లేదు. కాకపోతే అన్నేళ్లు నడిచాక టర్బో, ఇంజెక్టర్లు, క్లచ్ ఏ స్థితిలో ఉన్నాయో ఎవరికి తెలుసు? ఒక్కటి పోయినా బేరంలో మిగిలిందంతా మెకానిక్ చేతికే.

హైదరాబాద్ నుంచి తరచూ సొంతూరు వెళ్లొచ్చేవాళ్లకి, సర్వీస్ రికార్డ్ మొత్తం ఉంటే క్రెటా మేలు. రోజూ ఆఫీసు, స్కూలు, మార్కెట్ తిరుగుడైతే బ్రెజానే, రెండో మాట లేదు. కొత్తదని బీఎస్6 (2020 నుంచి వచ్చిన కాలుష్య ప్రమాణం) డీజిల్ వైపు పోతే అందులో డీపీఎఫ్, అంటే పొగలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. పేరుకున్న మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడూ ఆగకుండా మంచి వేగంతో నడవాలి. అమీర్‌పేట ట్రాఫిక్‌లో అదెక్కడ కుదురుతుంది?

ఢిల్లీ నంబరు క్రెటాలు చవగ్గా కనిపిస్తాయి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బళ్లకి ఆంక్షల టెన్షన్ ఉంది, అందుకే ముందే వదిలించుకుంటారు. ఎన్‌ఓసీ (అక్కడి ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం) ఖర్చు, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కలిపాక ఆ చవకలో ఎంత మిగులుతుందో చూసుకోండి.

ఏది కొన్నా మీటర్‌లో కిలోమీటర్లని నమ్మొద్దు. దాన్ని వెనక్కి తిప్పడం పెద్ద పనేం కాదు. రికార్డులో ప్రతి సర్వీసుకీ రాసిన కిలోమీటర్లతో పోల్చండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చిన విజయవాడ వైపు బండి అయితే సీటు బెల్టు చివరిదాకా లాగి బురద మరకలున్నాయేమో చూడండి. సర్వీస్ సెంటర్‌లో లిఫ్ట్ మీద ఎక్కించి చూద్దామంటే అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే, ఎంత తగ్గించి ఇచ్చినా ఆ బండి వద్దు.